ఏ నరం?

మా ఇంట్లో ఇద్దరికి కాలి పుండ్లు వచ్చాయి, ఏడాది తేడాతో. ఆసుపత్రులు వేరు, డాక్టర్లు వేరు. కారణం అడిగితే మాత్రం ఇద్దరికీ ఒకటే జవాబు వచ్చింది: "నరాల వల్లండీ." బాబాయికి కుడి పాదం అడుగున, బొటనవేలి మొదట్లో. పెద్దమ్మకి ఎడమ కాలికి, లోపలివైపు చీలమండ పైన. బాబాయికి పీఆర్‌పీ చేశారు, అంటే సొంత రక్తంలోంచే ప్లేట్‌లెట్లని చిక్కబరిచి పుండు మీద పూసే వైద్యం. మానింది. మరి పెద్దమ్మకి ఎందుకు చేయించకూడదు? ఈ ప్రశ్న వేసింది నేనే. అందరికంటే గట్టిగా వాదించి, ఆవిడని ఒప్పించి, దగ్గరుండి తీసుకెళ్లిందీ నేనే.

అందుకే మొన్న ఫోన్‌కి వచ్చిన ఒక ఫార్వర్డ్‌ని చూసి ఊరుకోలేకపోయాను. "మీ రక్తమే మీకు మందు. ఎన్నేళ్ల కాలి పుండైనా సరే." పక్కపక్కనే రెండు ఫోటోలు, ముందు ఒకటి, తర్వాత ఒకటి. పెద్దది చేసి చూశాను. పుండు ఉన్నది మడమ అంచున. రాసింది మాత్రం 'కాలి పుండు' అని. మేం బోల్తా పడిందీ సరిగ్గా అక్కడే.

పీఆర్‌పీ బూటకం అని చెప్పడానికి ఇది రాయడం లేదు. అది పనిచేసే చోటు ఉంది. కానీ ఆ చోటు ఇరుకైనది, అక్కడికి చేరేలోపు దాటాల్సిన గుమ్మాలు కొన్ని ఉన్నాయి. అవేవీ దాటించకుండానే అందర్నీ లోపలికి పిలుస్తున్నారన్నదే నా గొడవ.

గొట్టంలో మూడు రంగులు

మొదటిసారి పెద్దమ్మతో పాటు నన్నూ గదిలోకి రానిచ్చారు. మోచేతి దగ్గర రక్తం తీసి, గడ్డకట్టకుండా సిట్రేట్ కలిపిన గొట్టాల్లో నింపి, సెంట్రిఫ్యూజ్‌లో ఎదురెదురుగా పెట్టారు. అది ఆగాక డాక్టరుగారు ఒక గొట్టాన్ని వెలుతురుకి ఎత్తి చూపించారు. అడుగున చిక్కటి ఎరుపు. పైన లేత పసుపు. రెండింటి మధ్య, వెతికితే గానీ కనపడనంత పల్చగా, తెల్లటి గీత. "ఆ గీత చుట్టుపక్కలే ఉంటుందమ్మా మనకి కావాల్సిన సరుకంతా" అన్నారు. పొడుగాటి సూదితో, గీతని కదపకుండా, ఊపిరి బిగబట్టి లాగారు. అందులో కాల్షియం చుక్కలు వేసి కాసేపు ఉంచితే నీళ్లలా ఉన్నది జిగురుగా ముద్దకట్టింది. దాన్ని శుభ్రం చేసిన పుండు మీద పరిచి, పైన అంటుకోని డ్రెస్సింగ్ వేసి కట్టేశారు.

చూడటానికి చాలా బాగుంది, నిజం చెప్పాలంటే. మన ఒంట్లోంచి తీసి, కళ్ల ముందే తయారుచేసి, మన ఒంటికే రాయడం. దీని ముందు మామూలు కట్టు ఎలా ఆనుతుంది?

సిద్ధాంతం కూడా గట్టిదే. ప్లేట్‌లెట్లంటే రక్తాన్ని గడ్డకట్టించేవి మాత్రమే అనుకుంటాం, డెంగ్యూ వచ్చినప్పుడు లెక్కపెట్టుకుంటాం కాబట్టి. వాటి లోపల చిన్న చిన్న సంచుల్లో పీడీజీఎఫ్, టీజీఎఫ్-బీటా, వీఈజీఎఫ్ లాంటి గ్రోత్ ఫ్యాక్టర్లు ఉంటాయి. గాయం దగ్గరికి కణాలను పిలవడం, కొత్త కండ, కొత్త రక్తనాళాలు పుట్టించడం వాటి పని. మామూలుగా ఒక మైక్రోలీటరు రక్తంలో ప్లేట్‌లెట్లు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. పీఆర్‌పీలో వాటిని మూడు నుంచి ఐదు రెట్లు చిక్కబరుస్తారు. పది లక్షలు ఉండాలన్నది తరచూ వినిపించే లెక్క.

నాకు మొదటి అనుమానం ఇక్కడే వచ్చింది. ప్లేట్‌లెట్లని ఒకసారి ప్రేరేపించాక వాటిలో దాచుకున్న సరుకు దాదాపు అంతా గంటలోపే బయటపడిపోతుంది. తర్వాత కూడా అవి బతికున్నన్నాళ్లు కొంత తయారుచేస్తాయి, అదీ వారం పది రోజులు. మరోవైపు, నెలల తరబడి మానని పుండులో ఊరే రసిలో ప్రోటీన్లని కొరికేసే ఎంజైములు ఎక్కువగా ఉంటాయి. పంపించిన గ్రోత్ ఫ్యాక్టర్లనే అవి తినేస్తాయి. అంటే పుండుని అలా ఉంచుతున్న కారణాన్ని కదపకుండా పైన ఏం రాసినా చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే.

ఇది డాక్టర్లకి తెలియక కాదు. 1986లో డేవిడ్ నైటన్ బృందం మానని పుండ్ల మీద రోగుల సొంత ప్లేట్‌లెట్ల సారాన్ని వాడినప్పటి నుంచి ఈ చర్చ నడుస్తూనే ఉంది. నలభై ఏళ్ల కిందటి వైద్యం ఇప్పటికీ 'లేటెస్ట్ ట్రీట్‌మెంట్' పేరుతో తిరుగుతోంది, అది వేరే సంగతి.

అదే పదమూడు మంది

ఈ విషయం మీద నేను చదివినవాటిలో బాగా గుర్తుండిపోయింది 2006లో అమెరికాలో వచ్చిన ఒక ట్రయల్. షుగరు వల్ల పాదం మీద పుండ్లు పడిన 72 మంది. కొందరికి ప్లేట్‌లెట్ జెల్, కొందరికి సెలైన్ జెల్. పీఆర్‌పీ వేసిన 40 మందిలో 13 మందికి మానింది, అంటే 32.5 శాతం. సెలైన్ వేసిన 32 మందిలో 9 మందికి, 28.1 శాతం. తేడా ఉన్నట్టా లేనట్టా? లెక్కల ప్రకారం లేనట్టే.

తర్వాత ఆడిట్‌లో నియమాలు తప్పారని 32 మందిని పక్కన పెట్టారు. ఇప్పుడు పీఆర్‌పీ వైపు 19 మందిలో 13 మంది, 68.4 శాతం. సెలైన్ వైపు 21 మందిలో 9 మంది, 42.9 శాతం. అది కూడా గణాంకాల పరీక్షకి నిలబడలేదు. మరీ పెద్ద పుండ్లున్న ఇంకో ఐదుగుర్ని కూడా తీసేశారు. అప్పుడు పీఆర్‌పీ 16 మందిలో 13 మంది, 81.3 శాతం. అవతల 19 మందిలో 8 మంది, 42.1 శాతం. ఈసారి నిలబడింది.

పుండు మానినవాళ్లు మొదట్నుంచీ అదే పదమూడు మంది. కొత్తగా ఒక్కరికీ మానలేదు. కింద హారం తగ్గుతూ పోయింది, అంతే. వాళ్లు ఏదీ దాచలేదు, ఇవన్నీ ఆ పేపర్లోనే రాశారు. కానీ బ్రోచర్లోకి ఎక్కేది ఏ అంకె అంటారు? 32.5 మాత్రం కాదని పందెం కాయగలను.

దీనికి ఎదురుగా నిలబెట్టాల్సింది 2018లో 'లాన్సెట్ డయాబెటిస్ అండ్ ఎండోక్రైనాలజీ' అనే వైద్య పత్రికలో వచ్చిన ట్రయల్. దాన్ని నేను గౌరవంతోనే చదివాను. బ్రిటన్, డెన్మార్క్, స్వీడన్‌లలో 32 కేంద్రాలు, 266 మంది, అందరికీ షుగరు వల్ల పాదం మీద పుండ్లే. వారానికోసారి వాళ్ల రక్తమే 18 మిల్లీలీటర్లు తీసి, తిప్పి, ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు, ఫైబ్రిన్ కలిసిన చిన్న బిళ్లలా చేసి పుండు మీద పెట్టారు. ఫలితం తేల్చినవాళ్లకి ఎవరికి ఏది చేశారో తెలియదు. ఇరవై వారాలకి బిళ్ల పెట్టినవాళ్లలో 34 శాతం మందికి మానింది, మామూలు వైద్యంతో 22 శాతం మందికి. ఎనిమిది మందికి చేస్తే అదనంగా ఒకరికి మానినట్టు లెక్క. మానని పుండ్ల వైద్యంలో ఇది చిన్న సంగతి కాదు.

అయితే ఈ 34 ఎవరికి సంబంధించిన 34? ట్రయల్‌లోకి తీసుకునే ముందు ప్రతి ఒక్కరికీ నాలుగు వారాలు మామూలు వైద్యమే సక్రమంగా చేశారు. ఆ నాలుగు వారాల్లో పుండు సగానికి తగ్గినవాళ్లని "మీకు ఇది అక్కర్లేదు" అని పంపేశారు. అంటే బిళ్ల పెట్టింది సరైన వైద్యం అందినా పుండు కదలనివాళ్లకి. ఆ గుమ్మం దాటినవాళ్లదే ఆ ఫలితం. రెండో రోజునే "పీఆర్‌పీ ఆరు సిట్టింగులు" అని చీటీ రాసేవాళ్లు ఈ ట్రయల్‌ని సాక్ష్యంగా చూపిస్తే, సాక్షి చెప్పని మాటని సాక్షి నోట్లో పెట్టినట్టు.

పైగా ఆ బిళ్లకీ పెద్దమ్మకి పూసిన జిగురుకీ పోలిక తక్కువ. ఒకచోట తెల్లకణాలు ఉంచుతారు, ఇంకోచోట తీసేస్తారు. ఒకరు ఒకసారి తిప్పుతారు, ఇంకొకరు రెండుసార్లు. ఒకరు రాస్తారు, ఇంకొకరు అంచుల్లో సూదితో ఎక్కిస్తారు. అన్నిటికీ పేరు పీఆర్‌పీనే.

మన భాషలో ఒక చిక్కు

పై రెండు ట్రయల్సూ పాదం మీద పుండ్ల గురించి. పెద్దమ్మ పుండు పాదం మీద లేదు, పిక్క కింద ఉంది. తెలుగులో రెండూ 'కాలు' అయిపోయాయి. తుంటి నుంచి బొటనవేలి దాకా అంతా కాలే మనకి. పాదం అనే మాట ఉంది కానీ పాదపూజకో పాదయాత్రకో తప్ప ఇంట్లో ఎవరంటారు? "పాదం నొప్పిగా ఉంది" అనం, "కాలు నొప్పిగా ఉంది" అంటాం.

దీనికన్నా పెద్ద చిక్కు 'నరం'. షుగరు వల్ల స్పర్శ పోతే "నరాలు దెబ్బతిన్నాయి" అంటాం. పిక్కల మీద పచ్చగా మెలికలు తిరిగి తేలితే "నరాలు ఉబ్బాయి" అంటాం. సెలైన్ పెట్టడానికి చెయ్యి పట్టుకుని "నరం దొరకట్లేదు" అంటారు. మొదటిది నాడి, అంటే స్పర్శని మెదడుకి చేరవేసేది. తర్వాతి రెండూ సిర, అంటే రక్తాన్ని గుండెకి తిరిగి తీసుకెళ్లేది. పాఠ్యపుస్తకం మాటలు వాడదామన్నా, 'నాడి పట్టి చూడటం'లో మనం పట్టేది ధమనిని, గుండె నుంచి రక్తం తెచ్చేదాన్ని!

ఇద్దరు డాక్టర్లూ అబద్ధం చెప్పలేదు. మాకు అర్థమయ్యే మాటే వాడారు. బాబాయికి నాడి చచ్చిపోయింది. పెద్దమ్మకి సిరలో కవాటాలు చెడిపోయాయి. మేం విన్నది ఒకటే మాట, అనుకున్నది ఒకటే జబ్బు.

బాబాయి సంగతి తీసుకోండి. అరికాలికి స్పర్శ లేదు. నొప్పి తెలియదు కాబట్టి ఆనె కట్టిన చోటే మళ్లీ మళ్లీ అడుగు పడుతుంది, లోపల నలిగి పుండవుతుంది. వెల్లూరులో కుష్ఠురోగులకి వైద్యం చేసిన పాల్ బ్రాండ్ లోకానికి నేర్పింది ఇదే: ఆ పాదాలు జబ్బు వల్ల కుళ్లడం లేదు, నొప్పి తెలియక అరిగిపోతున్నాయి. కాబట్టి వైద్యం ఆ చోటు మీద బరువు పడకుండా చూడటం. మోకాలి కిందిదాకా ఒంటికి అతికినట్టు వేసే పిండికట్టు దానికి పాత మందు. 2001లో డేవిడ్ ఆర్మ్‌స్ట్రాంగ్ బృందం 63 మందిపై చేసిన ట్రయల్‌లో, విప్పడానికి వీల్లేని ఆ కట్టుతో పన్నెండు వారాల్లో దాదాపు 90 శాతం మందికి మానింది. విప్పుకోగలిగే బూటుతో 65 శాతం. ఎందుకంత తేడా? రెండేళ్ల తర్వాత వాళ్లే కొందరి అడుగులు లెక్కపెడితే, నడిచిన అడుగుల్లో బూటు తొడుక్కుని వేసినవి 28 శాతమే.

బాబాయికి పీఆర్‌పీతో పాటు వేసింది ఆ పిండికట్టే. వారానికోసారి కట్టు మార్చేటప్పుడు జిగురు పూసేవారు. "నా రక్తంతోనే నయమైంది" అని ఆయన చెప్పుకున్నంత గర్వంగా "రెండు నెలలు పిండికట్టుతో కుంటాను" అని ఎవరైనా చెప్పుకుంటారా? మేం రక్తాన్ని గుర్తుపెట్టుకున్నాం, కట్టుని మర్చిపోయాం.

బొటనవేలితో నొక్కి చూసిన నర్సు

పెద్దమ్మది వేరే కథ. కదలకుండా నిలబడితే ఎవరికైనా చీలమండ దగ్గర సిరల్లో 80, 90 మిల్లీమీటర్ల పాదరసమంత ఒత్తిడి ఉంటుంది. నడిస్తే పిక్క కండరం రక్తాన్ని పైకి పిండుతుంది, ఒత్తిడి 30 కంటే కిందికి దిగుతుంది. కవాటాలు చెడితే పైకెళ్లింది మళ్లీ కిందికి జారుతుంది. నడిచినా ఒత్తిడి దిగదు. చర్మం ఊరి, నల్లబడి, గట్టిపడి, చిన్న గీరుకే చిట్లుతుంది.

ఆరు సిట్టింగులు చేయించాం. మొదటి మూడింటికి పుండు కొంచెం తగ్గింది. ప్రతిసారీ నేను ఫోటో తీసి అందరికీ పంపేవాడిని. నాలుగో వారం నుంచి అక్కడే ఆగింది. ఆరో వారం తర్వాత ఫోటోలు పంపడం మానేశాను.

తర్వాత డ్రెస్సింగుకి ఇంటికి వచ్చిన నర్సు ఒకావిడ పుండు వైపు చూడనే లేదు. ముందు మోకాలి కింద ముందుభాగంలో ఎముక మీద బొటనవేలితో నొక్కి పట్టుకుంది. తీసేస్తే గుంట అలాగే ఉండిపోయింది. "సాయంత్రానికి ఇంకా వాస్తుందా అమ్మా?" అంది. "వాస్తుంది. పొద్దున లేచేసరికి తగ్గిపోతుంది" అంది పెద్దమ్మ. "మరి ఇన్నాళ్లూ కాలికి కట్టు కట్టలేదా ఎవరూ?" పుండుకి కట్టారు. కాలికి ఎవరూ కట్టలేదు.

రక్తనాళాల్లో ప్రవాహం ఎలా ఉందో చూసే డాప్లర్ పరీక్ష చేయించాం. చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో భాగించి చూశారు, 1కి దగ్గరగా వచ్చింది. అది 0.8 కన్నా తక్కువుంటే ధమనుల్లో అడ్డు ఉందని అనుమానం, గట్టి కట్టు కట్టకూడదు. అది తేలాకే పాదం నుంచి మోకాలి దాకా పొరలు పొరలుగా, చీలమండ దగ్గర సుమారు 40 మిల్లీమీటర్ల ఒత్తిడి పడేలా కట్టడం మొదలుపెట్టారు. మూడు నెలలు పట్టింది. తర్వాత చెడిన సిరని మూయించుకుంది. బ్రిటన్‌లో 450 మందిపై చేసి 2018లో ఫలితాలు ప్రకటించిన ఈవీఆర్ఏ అనే ట్రయల్‌లో కట్టుతో పాటు సిరని కూడా తొందరగా మూసినవాళ్లలో సగం మందికి పుండు 56 రోజుల్లో మానితే, ఆ పని వాయిదా వేసినవాళ్లలో సగం మందికి మానడానికి 82 రోజులు పట్టింది. పీఆర్‌పీ విషయానికొస్తే, ట్రయల్స్‌ని కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2016 సమీక్ష అప్పటిదాకా వచ్చిన పది ట్రయల్స్‌ని కలిపి చూసి, షుగరు పాదం పుండ్లకి మేలు చేయొచ్చు, అదీ నాసిరకం ఆధారాలతో, సిరల పుండ్లకి చేస్తుందో లేదో తేలలేదు అంది.

పోయేదేముంది?

ఈ కథ చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు: "సొంత రక్తమేగా, పడకపోవడం ఉండదు, పనిచేస్తే చేస్తుంది. పోయేదేముంది?"

డబ్బు పోవడం సరే. ఎక్కువగా పోయేది కాలం. పుండు ఎంత పాతబడితే అంత మొండిదవుతుంది. ఆ నెలల్లో చూడాల్సినవి చూడకుండా పోతాయి: ధమనిలో అడ్డు, ఎముకకి పాకిన ఇన్ఫెక్షన్, ఏళ్ల తరబడి ఉన్న పుండు అంచున మొదలైన కేన్సర్. మొండి పుండు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలన్న ఆలోచన "ఇంకో రెండు సిట్టింగులు చూద్దాం" కింద నలిగిపోతుంది.

నా వాదనలో నాకే కనిపించే కంత ఒకటుంది. పీఆర్‌పీ ఆ ఆరు వారాల్లో పెద్దమ్మ పుండుని సిద్ధం చేసిపెట్టిందేమో, అందుకే కట్టుకి మూడు నెలల్లో లొంగిందేమో. కాదని నిరూపించలేను. ఒక్క మనిషి, ఒక్క కాలు. బాబాయి "నా రక్తంతో మానింది" అనడం ఎంత గుడ్డి లెక్కో, "కట్టుతోనే మానింది" అని నేననడమూ అంతే. నాకు ధైర్యం ఇచ్చేది ట్రయల్సే, మా ఇంటి కథ కాదు.

ఇంకోటి. కట్టు తేలికని నేననను. ఉక్కపోస్తుంది, దురద పెడుతుంది, జారుతుంది, చెప్పు పట్టదు. పెద్దమ్మ రెండుసార్లు రాత్రిపూట కత్తెరతో కోసేసుకుంది. పీఆర్‌పీ అయితే డాక్టరు చేస్తారు, మనం పడుకుంటాం. కట్టు, పిండికట్టు, కాలు ఎత్తి పెట్టుకోవడం, వీటిలో రోగే రోజంతా పనిచేయాలి. వారానికి అరగంట ఇంకొకరి చేతిలో పెట్టి మిగతా వారమంతా మర్చిపోయే వైద్యం వైపు మనసు లాగడంలో తప్పేమీ లేదు. నేనైనా అదే చేసేవాణ్ణి. నిజానికి అదే చేశాను.

కాబట్టి ఎవరైనా అడిగితే "వద్దు" అనడం లేదు. ఏ నరం, ధమనులు చూశారా, వాపుందా, స్పర్శ ఉందా, నాలుగు వారాలు సరైన వైద్యం చేశాక పుండుని స్కేలు పెట్టి కొలిచారా అని అడుగుతున్నాను. ఇన్నిటికీ జవాబు వచ్చాక, పాదం మీద షుగరు పుండు ఇంకా కదలకపోతే, అప్పుడు పీఆర్‌పీ చేయించుకోమని నేనే చెబుతాను. ఇన్ని ప్రశ్నలు వేస్తుంటే కొందరు విసుక్కుని ఫోన్ పెట్టేస్తున్నారు, అదీ నిజమే.

పోయిన వారం పెద్దమ్మే ఫోన్ చేసింది. బాబాయికి పక్క వేలు కింద మళ్లీ చిన్న పుండు లేచిందట.

"ఏం కంగారు లేదురా, నా బిగుతు మేజోళ్లు ఒక జత పంపించాను. గట్టిగా వేసుకోమని చెప్పాను. మనకి నయమైంది దాంతోనేగా."

"పెద్దమ్మా, ఆయనకి అది వేయకూడదు. షుగరుకి ధమనులు గట్టిపడి ఉంటాయి, వేలి దగ్గర బీపీ చూడకుండా బిగిస్తే రక్తం అందక వేలే పోతుంది. నీది వేరు, ఆయనది వేరు."

"వేరేంట్రా, ఇద్దరికీ నరాలేగా?"

ఫోన్ పెట్టేసి బాబాయికి చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. మూడోసారి పిన్ని ఎత్తింది. "మేజోళ్లు తొడుక్కోలేక అవస్థ పడుతున్నారు, ఆగు, పట్టుకుని లాగుతున్నాను" అంది.